పెరట్లో పిట్టలు మారాయంటే ఏదో మారినట్టే

పోయిన సంచికలో “మీ పెరట్లోకి వచ్చే పిట్టల్లో ఈ మధ్య ఏమైనా మార్పు కనిపించిందా?” అని అడిగాం. ఒడిశా వైపు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి, గంజాం జిల్లా ఊళ్ల నుంచి, అటు మహారాష్ట్రలోని సిరొంచ నుంచి కూడా రాశారు. చాలా ఉత్తరాల్లో ఒకటే బెంగ, చిన్నప్పుడు చూసినవి ఇప్పుడెందుకు లేవు అని. అందరికీ కలిపి ముందే ఒక మాట చెప్పేస్తాను. పిట్ట ఊరికే రాదు, ఊరికే పోదు. తిండి, నీళ్లు, గూడు, ఈ మూడింటిలో ఏదో ఒకటి మారి ఉంటుంది, లేదా ఋతువు మారి ఉంటుంది. కలికాలాన్ని తిట్టుకునే ముందు మన ఇంటి చుట్టూ ఏం మారిందో చూసుకుంటే సగం ప్రశ్నలకి జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: నేను కాపురానికి వచ్చినప్పుడు మా అత్తగారి పెరడు నిండా పిట్టలే. 2018 తిత్లీ తుపానుకి పనసచెట్టు, ముసలి మామిడి రెండూ కూలిపోయాయి. తర్వాత పెంకుటిల్లు తీసేసి స్లాబు వేశాం. ఇప్పుడు రామచిలకలు లేవు, సాయంత్రమైతే కీచుకీచుమనే చిన్న గుడ్లగూబల జంట లేదు, పిచ్చుక అన్నదే లేదు. పావురాలు మాత్రం గుంపులుగా వచ్చి పడుతున్నాయి. అంతా సెల్ టవర్ వల్లే అంటారు మావారు. నిజమేనా?
*(గృహిణి, పర్లాకిమిడి)*

జవాబు: అమ్మా, మీ జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయని గట్టిగా రుజువు చేసినవాళ్లు లేరు. టవర్ పక్కనే పిచ్చుకలు కాపురం చేస్తున్న ఊళ్లు మన వైపే బోలెడు. మీ ఇంట్లో జరిగింది వేరు. రెండు పెద్ద చెట్లు, ఒక పెంకుటిల్లు, మూడూ దాదాపు ఒకేసారి పోయాయి. వాటితోపాటు పోయినవి చెట్టు నీడా పెంకుల చల్లదనమే కాదు, తొర్రలూ సందులూ కూడా పోయాయి.

రామచిలక తన తొర్ర తాను తొలుచుకోవడం తక్కువ. చిన్న గుడ్లగూబ అసలు తొలవదు. గోరింక తొలవదు, తెలుపూ నలుపూ కలిసి ఉండి పొద్దున్నే ఈలవేసే పెద్ద నల్లంచి కూడా తొలవదు. ఇవన్నీ వడ్రంగి పిట్టో కంసాలి పిట్టో తొలిచి వదిలేసిన తొర్రల్లోనో, కొమ్మ విరిగిన చోట కుళ్లి ఏర్పడిన బొర్రల్లోనో గుడ్లు పెట్టే జాతులు. అలాంటి బొర్ర పడాలంటే చెట్టు ముసలిది కావాలి, కొమ్మ విరగాలి, అక్కడ నీరు దిగి చెక్క మెత్తబడాలి. అదంతా ఏళ్ల తరబడి జరిగే పని. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాని ముంచేసింది. రెండుసార్లూ ముందుగా కూలినవి ఈ ముసలి చెట్లే. తర్వాత మనం మళ్లీ నాటాం, నాటలేదని కాదు, కానీ నాటినవి కొబ్బరి, జీడిమామిడి, అంటు మామిడి. ఆ చెట్లు కాపుకొచ్చాయేమో కానీ తొర్ర పట్టే వయసు ఇంకా రాలేదు. మీ చిలకలు చచ్చిపోయాయని బెంగ పెట్టుకోకండి. తొర్రలున్న చెట్టు ఎక్కడుందో అక్కడికి మకాం మార్చి ఉంటాయి. మహేంద్రతనయ నది గట్టు వైపు పాత మర్రులూ రావులూ ఏమైనా మిగిలి ఉంటే ఓ సాయంత్రం అటు వెళ్లి చూడండి.

మీరు చేయగలిగింది ఒకటుంది. పెరట్లో మునగచెట్టు ఉందా? దాని కొమ్మ ఎండిపోయినప్పుడు మొదలంటా నరికించకండి. ఇంటి మీదో తీగల మీదో పడే ప్రమాదం లేకపోతే ఓ ఐదారడుగుల మోడు అలాగే ఉంచండి. మునగ చెక్క మెత్తన. ఆకుపచ్చని ఒంటితో, నుదుటి మీద ఎర్రబొట్టుతో, ఎండలో కూర్చుని రాగిచెంబు మీద సుత్తితో కొట్టినట్టు ‘టుక్ టుక్ టుక్’ అనేది కంసాలి పిట్ట, అది ఇలాంటి ఎండుకొమ్మల కోసమే వెతుక్కుంటుంది. కొమ్మకి కింది వైపున, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా, గీసినట్టు గుండ్రంగా ఒక కన్నం కనిపిస్తే అది దాని పనే. దాని తర్వాత ఆ కన్నంలోకి ఇంకెవరో అద్దెకి దిగుతారు.

పిచ్చుకల సంగతి వేరే. వాటికి చెట్టు తొర్ర కంటే మన ఇల్లే ఇష్టం. పెంకుకీ గోడకీ మధ్య సందు, దూలం మీద గూడు, వసారాలో దేవుడి పటం వెనక జాగా. స్లాబు ఇంట్లో ఆ సందులన్నీ సిమెంటుతో మూసేస్తాం. అందుకని చెక్క పెట్టె కట్టండి. కన్నం ఒకటింబావు అంగుళం ఉండాలి, మహా అయితే ఒకటిన్నర, అంతకంటే పెద్దదైతే గోరింకలు ఆక్రమించేస్తాయి. నేలకి ఎనిమిది పదడుగుల ఎత్తున, సన్‌షేడు కింద, పడమటి ఎండ తగలని గోడకి. పిల్లి ఎక్కే చోటు కాకూడదు, తిరిగే ఫ్యాను దగ్గర అసలే కాకూడదు. కట్టిన వారానికే రాలేదని తీసేయకండి, ఒక ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది కానీ పిల్లలకి మొదటి రోజుల్లో పురుగులే పెడుతుంది. చిక్కుడు పాదు మీద పేనుబంక కనిపించగానే మందు కొట్టే పెరట్లో పెట్టె ఉన్నా పిల్లలు బతకవు. సంక్రాంతికి వరికంకుల కుచ్చులు కట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే మానకండి. గుమ్మానికి కాకుండా కాస్త పక్కగా, మనుషులు తిరగని మూల కడితే అవి ధైర్యంగా తింటాయి.

పావురాలంటారా, అవి పూర్వం రాతి కొండల అంచుల మీద గూడు పెట్టిన జాతి. మన సన్‌షేడ్లు, ఏసీ బాక్సు వెనక సందులు, మెట్లగది పైకప్పు వాటికి సరిగ్గా సరిపోయాయి. మీ ఇల్లు పిచ్చుకకి తలుపు మూసి పావురానికి తెరిచింది. డాబా మీద గింజలు జల్లడం ఆపండి, సందులకి వల కొట్టించండి. రెట్ట ఎండిపోయాక చీపురుతో ఊడ్చకండి. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లున్నారు. నీళ్లు చల్లి, మూతికి గుడ్డ కట్టుకుని, తడిగా ఉండగానే కడిగేయండి.

ప్రశ్న: సార్, మా ఇంటి ముందు ఒక పిట్ట రోజూ నా బైకు అద్దాన్ని పొడుస్తోంది. తల మీద నల్ల కుచ్చు, తోక కింద ఎరుపు. ఇదివరకు ఎప్పుడూ లేదు. పిచ్చి పట్టిందా?
*(డిగ్రీ విద్యార్థి, రాయగడ)*

జవాబు: అది పికిలిపిట్ట తమ్ముడూ, పిచ్చేమీ లేదు. దగ్గర్లోనే, బహుశా మీ మందారంలోనో కంచె పొదలోనో గూడు కడుతోంది. అద్దంలో కనిపించేది తన స్థలంలోకి చొరబడ్డ ఇంకో పిట్ట అనుకుని తరిమేస్తోంది. ఎంత పొడిచినా ఆ ‘శత్రువు’ కదలకపోవడంతో అది తిండి మానేసి అలసిపోతుంది. బండి ఆపగానే అద్దాలకి పాత సాక్సులు తొడిగేయండి. పిల్లలు ఎగిరిపోయేదాకా చాలు. ఆ పొదని మాత్రం ఈ నెల కత్తిరించకండి.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా కంచె మీదికి దసరా దాటగానే ఒక పిట్ట వస్తుంది. ఇటుకరంగు వీపు, కంటి మీదుగా నల్లని పట్టీ, కర్కశమైన గొంతు. ఉగాది తర్వాత కనిపించదు. ప్రతి ఏడూ అదే మోడు మీద కూర్చుంటుంది. ఒకే పిట్టా? ఈ ఏడు ఆలస్యంగా వచ్చినట్టు అనిపించింది. వాతావరణం మారడం వల్లేనా?
*(గుణుపురం, రాయగడ జిల్లా)*

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన గుర్తులని బట్టి అది బ్రౌన్ శ్రైక్. ఎండాకాలం సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనా వైపు పిల్లల్ని పెంచుకుని, చలికాలానికి మన తూర్పు తీరం వైపు దిగుతుంది. ఒక చలికాలం గడిపిన తోటకే మరుసటి ఏడు తిరిగి రావడం ఈ జాతికి బాగా అలవాటు. కాలికి ఉంగరాలు వేసి చూసినవాళ్లు ఈ సంగతి నిర్ధారించారు. కాబట్టి మీ మోడు మీద కూర్చునేది పోయినేటి పిట్టే అయ్యే అవకాశం బాగా ఉంది. వచ్చిన కొత్తలో అంతలా అరిచేది కూడా అందుకే, ‘ఈ కంచె నాది’ అని మిగతా శ్రైకులకి చెప్పుకోవడం. దాన్ని కాసేపు ఓపిగ్గా చూడండి. మోడు మీది నుంచి నేలకి దూకి మిడతనో చిన్న తొండనో పట్టుకుంటుంది, కొన్నిసార్లు దాన్ని ముల్లుకి గుచ్చి చీల్చుకు తింటుంది. మీ కంచెలో రేగుముళ్లు ఉంటే వాటి మీద ఎండిన మిడత కాలు ఏదైనా దొరుకుతుందేమో వెతకండి.

ఇదొక్కటే కాదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో దిగి మార్చి, ఏప్రిల్‌లో వెళ్లిపోయే చుట్టాలు మన పెరళ్లకి చాలానే వస్తాయి. బోరింగు దగ్గర తడినేల మీద తోక ఊపుతూ చకచకా నడిచేవి, దట్టమైన పొదలోంచి ‘చెక్... చెక్’ అని గులకరాళ్లు కొట్టినట్టు మాట వినిపిస్తుంది కానీ మనిషి కంట పడనివి, మామిడి కొమ్మ చివర నిటారుగా కూర్చుని గాల్లో ఈగని పట్టి మళ్లీ అదే కొమ్మకి వచ్చేవి. మేలో చూసి ‘అయ్యో పిట్టలు తగ్గాయి’ అనుకునేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు. తగ్గలేదు, చుట్టాలు ఊరికెళ్లాయి.

ఇక ఆలస్యం సంగతి. ‘అనిపించింది’ అన్నారు చూశారా, అక్కడే చిక్కు. మన జ్ఞాపకం తేదీల విషయంలో నమ్మదగ్గది కాదు. ఒక నోటుపుస్తకం పెట్టండి. రోజూ ఒకే చోట, ఒకే వేళకి, తెల్లారిన గంటలోపు అయితే మేలు, పదిహేను నిమిషాలు కూర్చుని ఏవి వచ్చాయో, ఎన్ని వచ్చాయో రాయండి. ఏమీ రాని రోజు కూడా ‘ఏమీ లేవు’ అని రాయాలి. అది అన్నిటికంటే విలువైన లైను. ఏ చెట్టు పూసింది, ఏది పండింది, పక్కింటివాళ్లు ఏం నరికించారు, వాన ఎప్పుడు పడింది, అవి కూడా. పోల్చేటప్పుడు మాఘాన్ని మాఘంతోనే పోల్చాలి, వైశాఖంతో కాదు. ఒక్క ఏడాది ఆలస్యాన్ని పట్టుకుని వాతావరణం మారిందనలేం. వరసగా కొన్నేళ్ల తేదీలు ఒకే వైపుకి జరుగుతుంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

మామూలు జనం రాసిన ఇలాంటి లెక్కలు వృథా పోవు. 2023లో మన దేశపు పక్షుల స్థితి మీద వచ్చిన నివేదిక 942 జాతులని పరిశీలించింది, దానికి ఆధారం వేలాది మంది పక్షిప్రియులు ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించిన జాబితాలే. కోకిల, నెమలి, పావురం పెరుగుతున్నాయనీ, ఒడిశాకీ తెలంగాణకీ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట తగ్గుతోందనీ, దాని పరిస్థితిని మళ్లీ అంచనా కట్టాలనీ చెప్పింది ఆ నివేదికే. ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్క ప్రపంచమంతా జరుగుతుంది, పదిహేను నిమిషాలు చూసి జాబితా పంపితే చాలు. మీ మనవల చేత ఫోన్‌లో పెట్టించండి మాస్టారూ. గుణుపురం లాంటి ఊళ్ల నుంచి వెళ్లే జాబితాలు తక్కువ, అందుకే వాటి అవసరం ఎక్కువ.

ప్రశ్న: మాది గంజాం జిల్లాలో ఇచ్ఛాపురం పక్క ఊరు. ఈ ఏడు ఆషాఢంలో మా దొడ్లో చింతచెట్టు మీద సైబీరియా కొంగలు దిగాయి. ఇన్నాళ్లూ తేలుకుంచిలోనే ఉండేవి. అదృష్టం అని మా నాన్నగారు, కంపు భరించలేం కొమ్మలు నరికిద్దాం అని మా తమ్ముడు. ఏం చెయ్యమంటారు? అసలు అంత దూరం నుంచి మా చెట్టే ఎందుకు?

జవాబు: ముందు ఆ కొంగల ఊరు పేరు సరిచేద్దాం. అవి సైబీరియా నుంచి రాలేదు. తేలుకుంచిలో కూడా అందరూ అలాగే అంటారు కానీ అవి నత్తగుల్ల కొంగలు, మన దేశంలోనూ, శ్రీలంక, బంగ్లాదేశ్, థాయిలాండ్ వైపూ ఉండే జాతి. వానల్ని బట్టి, నీళ్లని బట్టి చోటు మారుతుంటాయి. చాలా దూరం కూడా ఎగరగలవు, థాయిలాండ్‌లో ఉంగరం వేసిన కొంగ ఒకటి సుమారు 1500 కిలోమీటర్లు పడమటికి బంగ్లాదేశ్‌లో దొరికింది. అయినా మంచుదేశం వాటిది కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురం వచ్చే గూడబాతుల్ని కూడా సైబీరియావే అంటారు, అవీ మన దక్షిణాసియా పక్షులే. మన పక్షుల్ని విదేశీవి అనుకుంటే వాటి చెరువులు, పొలాలు పోతున్నా మనకి పట్టదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ చెట్టే ఎందుకంటే, నేరుగా మీ వరిచేల వల్ల. వాటి ముఖ్యమైన తిండి పొలాల్లో, చెరువుల్లో దొరికే నత్తగుల్లలు. ముక్కు మూసినా రెండు దవడల మధ్య సందు కనిపిస్తుంది చూశారా, జారిపోయే గుల్లని పట్టుకోవడానికి, లోపలి కండని లాగడానికి అది పనికొస్తుంది. గూట్లో పిల్లల్ని చూడండి, వాటి ముక్కులో ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. ఆషాఢంలో దమ్ము చేసి నీళ్లు కట్టగానే గుల్లలు పైకొస్తాయి, కొంగలు దిగుతాయి, చింతలాంటి గట్టి కొమ్మల చెట్టు మీద గుంపుగా గూళ్లు కడతాయి. ఉన్న చెట్లు నిండిపోయినా, అక్కడ చెట్లు కూలినా పక్క ఊరు వెతుక్కుంటాయి. మీకు జరిగింది అదే అయి ఉండాలి.

ఇప్పుడు కొమ్మలు నరికితే గుడ్లూ పిల్లలూ నేల పాలవుతాయి. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. మీ తమ్ముడి బాధా అబద్ధం కాదు, కింద సంసారం చేసేవాళ్లకి ఆ వాసన నిజంగా కష్టమే. బావి ఉంటే వల మీద గట్టి గుడ్డ పరిచి మూయండి. పశువుల్ని ఇంకో చెట్టు కిందికి మార్చండి. చెట్టు కింద గడ్డో ఊకో పరిచి వారానికోసారి ఎత్తి పెంటకుప్పలో వేయండి, చివికాక పొలానికి పోతుంది. దీపావళికి పిల్లలు ఇంకా ఎగరడం నేర్చుకుంటూ ఉండొచ్చు, ఆ చెట్టు దగ్గర టపాసులు కాల్చకండి. కార్తీకం, మార్గశిరం నాటికి అన్నీ వెళ్లిపోతాయి. అప్పుడు ఇంటి మీదికి వంగిన కొమ్మ ఒకటో రెండో తీయించుకోండి, చెట్టు మాత్రం ఉంచండి. మీ నాన్నగారి మాట నిలబెట్టండి.

ప్రశ్న: జయపురంలో మూడో అంతస్తు డాబా మాది. కుండీల్లో మొక్కలున్నాయి. రోజూ అన్నం, బ్రెడ్డు ముక్కలు, నీళ్లు పెడుతున్నాను. మొదట్లో తేనెపిట్టలు, చిన్నచిన్న ఆకుపచ్చ పిట్టలు వచ్చేవి. ఇప్పుడు కాకులు, గోరింకలు తప్ప ఏవీ లేవు. నేను పెట్టే తిండి నచ్చడం లేదా?

జవాబు: మీరు పెట్టే తిండే ఎవరు రావాలో నిర్ణయిస్తోంది. అన్నం, బ్రెడ్డు కాకికీ గోరింకకీ ఇష్టం. అవి ఉన్న చోటికి బొటనవేలంత పిట్టలు రావు, ముఖ్యంగా గూడు కట్టే రోజుల్లో, ఎందుకంటే కాకి కంటపడితే గుడ్లు మిగలవు. బ్రెడ్డు పూర్తిగా మానేయండి, దానిలో ఏ పిట్టకీ బలం లేదు. కాకికి పెట్టే ముద్ద మీ ఇంటి ఆచారమైతే దాన్ని గోడకి ఇంకో చివర పెట్టండి, మొక్కల మధ్య వద్దు.

తేనెపిట్టకి పూలు కావాలి. నూరువరహాలు, మందారం, హమీలియా కుండీల్లోనే పూస్తాయి. మీ దగ్గర ఇదివరకు పూసిన మొక్క ఏదైనా తీసేశారేమో గుర్తు చేసుకోండి. చిన్న ఆకుపచ్చ పిట్ట, తోక నిక్కపొడుచుకుని ‘టువీట్ టువీట్’ అని తన సైజుకి నాలుగింతలు అరిచేది, రెండు ఆకుల్ని దూదితో కుట్టి గూడు చేసేది అయితే కుట్టుపిట్ట. దానికి పురుగులే తిండి. కరివేపాకు ఆకు మీద పిట్టరెట్టలా నల్లగా తెల్లగా ఉండే చిన్న గొంగళి కనిపిస్తుంది కదా, అదే పెరిగి ఆకుపచ్చగా మారి కొమ్మలు ఖాళీ చేస్తుంది. దాన్ని చూడగానే మనం స్ప్రే తీస్తాం. రెండు రోజులు ఆగితే కుట్టుపిట్టే వచ్చి ఏరుకుపోతుంది. కూరకి ఆకు కావాలంటే ఒక మొక్క మనకి, ఒకటి గొంగళ్లకి అని రెండు పెట్టుకోండి. అంతకంటే మంచి మేత ఏ షాపులోనూ దొరకదు.

నీళ్లు మాత్రం తప్పకుండా పెట్టండి, ఎండాకాలం మరీను. లోతు గిన్నె వద్దు. మట్టి మూకుడు, రెండంగుళాలకి మించని నీళ్లు, మధ్యలో గరుకు రాయి ఒకటి. రోజూ తోమి నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలూ పెరుగుతాయి, ఒక పిట్ట జబ్బు పది పిట్టలకి అంటుతుంది. ఒకేసారి నాలుగైదు పక్షులు చచ్చి పడి కనిపిస్తే చేత్తో తాకకుండా పశువుల ఆసుపత్రికి కబురు చేయండి.

ప్రశ్న: మా ఊళ్లో కోకిల చలికాలం ఎక్కడికి వెళ్లిపోతుంది? నేను ఏడో తరగతి.
*(పర్లాకిమిడి)*

జవాబు: చాలావరకు ఎక్కడికీ వెళ్లదమ్మా, నోరు మూసుకుని మీ ఊళ్లోనే ఉంటుంది. కూసేది మగకోకిల, అదీ జత కోసం, ఎండలు మొదలయ్యాక. చలికాలంలో రావిపళ్లలాంటివి తింటూ ఆకుల్లో ఉంటుంది. ఆడకోకిల నల్లగా ఉండదు, గోధుమరంగు మీద తెల్లచుక్కలు, అందుకే చూసినా వేరే పిట్ట అనుకుంటాం. ఈ మార్గశిరంలో పళ్లున్న రావిచెట్టు కింద నిలబడి ఎర్రని కళ్ల కోసం వెతుకు. దొరికితే మాకు రాయి.

ప్రశ్న: మా బొప్పాయి చెట్టు మీదికి గద్దంత బూడిదరంగు పక్షులు రెండు వస్తున్నాయి. వంకర ముక్కు, దాని మీద చిన్న కొమ్ములాంటిది. కొండ మీద ఉండే పక్షి ఊళ్లోకి వస్తే కీడు అంటున్నారు. శాంతి చేయించమని పక్కింటి పిన్నిగారు టెన్షన్ పెడుతున్నారు.
*(రాయగడ)*

జవాబు: శాంతి అక్కర్లేదు, బొప్పాయి ఒకటి చెట్టునే పండనివ్వండి. అది హార్న్‌బిల్, మన దేశంలో పట్నాల దాకా వచ్చే బూడిదరంగు రకం. దానికి రావి, మర్రి, మేడి పళ్లు ప్రాణం. మీ చుట్టూ కొండల మీద ఇప్పుడేమున్నాయో చూశారు కదా, వరసలు వరసలుగా నీలగిరి తోటలు. కాగితానికి ఆ చెట్టు పనికొస్తుంది, పళ్లు తినే పిట్టకి దాని మీద ఒక్క ముద్ద దొరకదు. ఊళ్లో గుడి దగ్గర మిగిలిన రావిచెట్టు, ఎవరూ నరకని మేడిచెట్టు, మీ బొప్పాయి దానికి ఆసరా అయ్యాయి. కొత్త పక్షి వస్తే సంతోషమే కానీ ఈ రాకలో కొంత ఆకలి కూడా ఉందని నా అభిప్రాయం. ఇంకో మాట. వేసవిలో జంటలో ఒకటే కనిపిస్తే రెండోది చచ్చిపోయిందనుకోకండి. ఆడది చెట్టు తొర్రలోకి దూరి, చిన్న చీలిక మాత్రం వదిలి ద్వారం మూసేసుకుని గుడ్లు పొదుగుతుంది, మగది ఆ చీలికలోంచి పళ్లు అందిస్తుంది. ఆ రోజుల్లో మగదాన్ని ఎవరైనా ఉండేలుతో కొడితే లోపల తల్లీ పిల్లలూ ఆకలికి మాడిపోతాయి. వీధిలో పిల్లలకి ఈ సంగతి చెప్పండి, వాళ్లే కాపలా కాస్తారు.

ప్రశ్న: మా ఇంటి పక్క టేకుచెట్టు కింద రామచిలక పిల్ల దొరికింది. మా పాప పెంచుకుంటానంటోంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదట కదా, అందుకని పంజరం కొన్నాం. తప్పా?
*(సిరొంచ, గడ్చిరోలి జిల్లా)*

జవాబు: పంజరం తిరిగిచ్చేయండి. రామచిలకని ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరం, చిన్నప్పటి నుంచి చూస్తున్న అలవాటే అయినా సరే. చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది ఒట్టి మాట. తల్లి పిట్ట పిల్లని గొంతు విని, చోటు చూసి గుర్తుపడుతుంది, మన వాసన చూసి వెలివేయదు.

పిల్ల ఒళ్లంతా ఈకలు వచ్చి ఉంటే అది ఎగరడం నేర్చుకుంటూ జారింది, అంతే. కుక్కా పిల్లీ అందుకోని కొమ్మ మీద, దొరికిన చెట్టు మీదే పెట్టి మీరు లోపలికి వచ్చేయండి. మీరు అక్కడే నిలబడి చూస్తుంటే తల్లి దిగదు, కిటికీలోంచి చూడండి. ఈకలు రాని ఎర్రటి పిల్ల అయితే తొర్రలోకి తిరిగి పెట్టించాలి. ఎత్తు ఎక్కువై అందకపోతే చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి అదే చెట్టుకి తొర్ర దగ్గరగా కట్టండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. పాలు, అన్నం అసలొద్దు. రెక్క విరిగినా, పిల్లి పట్టినా, సాయంత్రం దాకా తల్లి రాకపోయినా అట్టపెట్టెకి కన్నాలు పెట్టి, చీకటిగా, కదపకుండా ఉంచి అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేయండి. పాప బెంగపెట్టుకుంటే ఆ తొర్రని రోజూ చూసి రాసే పని తనకి అప్పగించండి. మిగతా పిల్లలు ఎప్పుడు తల బయటపెట్టాయో, ఎప్పుడు ఎగిరాయో రాసి పంపితే ఈ శీర్షికలోనే వేస్తాం.